కాజా పంతం

వంశీకృష్ణ ఆఫీసు బ్యాగులో పిల్లి కాజా ఒంటికి పోసిన సంగతి, ఆ మంగళవారం పొద్దున్న పనికి వచ్చిన దాలమ్మకి చెప్పులు విడవకముందే తెలిసిపోయింది. తలుపు తీసింది అతని భార్య లక్ష్మీసౌజన్య. ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకుని, వేలితో సోఫా వైపు చూపించి, చెవికి తగిలించిన మైకు సర్దుకుంటూ గదిలోకి వెళ్లిపోయింది. లోపల్నుంచి ఎవరితోనో ఇంగ్లీషులో నవ్వుతూ మాట్లాడటం వినిపించింది.

ఖిదిర్‌పూర్‌లో దాలమ్మ బస్సెక్కినప్పుడు ఆరు కొట్టింది. ఈ సాల్ట్ లేక్ అపార్ట్‌మెంటులో ఐదో అంతస్తు చేరేసరికి ఏడున్నర. దారి పొడుగునా మంచు. మైదానం దగ్గర మేస్తున్న గుర్రాలు మోకాళ్ల కింద ఏమీ లేకుండా తెల్లటి గాలిలో తేలుతున్నట్టు కనిపించాయి. కిటికీ అద్దానికి నుదురు ఆనించి చూస్తుంటే చల్లగా, హాయిగా అనిపించింది. ఒంట్లో కొంచెం వేడి ఉన్నట్టుందని అప్పుడే తెలిసింది. ఆ వేడి వల్లనేమో, ఈ ఇంటి హాలూ సోఫా కూడా ఇంకా ఆ మంచులోనే ఉన్నట్టున్నాయి.

బ్యాగులో ఒక్కో వస్తువూ బయటికి తీసింది. ఛార్జరు, మెడలో వేసుకునే గుర్తింపు కార్డు, ఒక పుస్తకం. పుస్తకం అంచులు తడిసి ఉబ్బిపోయాయి. బ్యాగుని బాల్కనీలో బకెట్టు మీద బోర్లించి, సర్ఫు నీళ్లతో కుట్ల వెంబడి పాత పళ్ల బ్రష్షుతో తోమింది. వాసన కుట్లలోనే దాక్కుంటుంది. తోముతూ ఒక్క క్షణం చేయి ఆపింది. ఈ వాసనలో ఇవాళ ఏదో తేడా ఉంది. ఇనుము తడిసినట్టు ఉంది. మళ్లీ వాసన చూసింది. ఆ తరవాత నీళ్లు గుమ్మరించేసింది.

కాజా గోధుమ రంగు పిల్లి. రెండేళ్ల కిందటి వానల్లో సౌజన్య ఆఫీసు మెట్ల కింద దొరికితే తెచ్చుకుంది. వాళ్లది కాకినాడ. ఆ రంగు చూసి ఆ పేరు పెట్టింది. ఇప్పుడది చెప్పుల స్టాండు వెనక, కాళ్లు కడుపులోకి ముడుచుకుని కూర్చుని ఉంది. దాలమ్మ వంగి చూస్తే అది కళ్లు సగం మూసి మళ్లీ తెరిచింది.

ఆ ఇంట్లో బాత్‌రూములు రెండు. పడగ్గదిలోది వాళ్లది. హాల్లోది చుట్టాల కోసం అన్నారు గానీ, చుట్టాలెవరూ రారు. అది కాజాది. వాషింగ్ మెషిను పక్కన నీలం ప్లాస్టిక్ పెట్టె, అందులో నాలుగు వేళ్ల లోతు ఇసుక, పక్కనే అన్నం గిన్నె, నీళ్ల గిన్నె. రోజూ దాలమ్మ మోకాళ్ల మీద కూర్చుని చిల్లుల గరిటెతో ఇసుక జల్లించి, గడ్డలు తీసి సంచిలో కట్టి, నేల తుడిచి లేస్తుంది.

దాలమ్మది కింద. పార్కింగులో, జనరేటరు వెనక. పనిలో చేరిన రోజున సౌజన్య మామూలుగానే చెప్పింది: "పనివాళ్లకి కింద బాత్‌రూమ్ ఉంది దాలమ్మా, సెక్యూరిటీ చూపిస్తాడు." పైది వాడొద్దని ఎవరూ అనలేదు. వాడుకోవచ్చా అని అడగాలని దాలమ్మకీ తోచలేదు. దసరా పూజలప్పుడు కింద పైపు పగిలింది. అప్పట్నుంచి అందులో నీళ్లు లేవు. డ్రైవర్లు అక్కడే నిలబడి సిగరెట్లు కాలుస్తారు. గేటు దగ్గరుండే మృత్యుంజయ్ దాదా మంచివాడే. అడిగినప్పుడల్లా, "ఈ వారం బాగు చేయిస్తారు మాషీ," అని బెంగాలీలో పిన్నిని పిలిచినట్టు అంటాడు. అందుకని దాలమ్మ పొద్దున్న లేచాక గుక్కెడు టీ తప్ప ఇంకేమీ తాగడం మానేసింది. మధ్యాహ్నం మూడింటికి ఇల్లు చేరేదాకా గొంతు తడుపుకోదు.

"ఇది మూడోసారి." వంశీకృష్ణ పళ్లెం ముందు కూర్చుని అన్నాడు. దాలమ్మ వేడి పెసరట్టు వేసి పక్కన నిలబడింది. "మొదట బాత్ మ్యాట్. తరవాత మడత పెట్టిన బట్టలు. ఇప్పుడు నా బ్యాగు. పెట్టె తెలీక కాదు. రెండేళ్ల నించి తెలుసు దానికి. మనం మళ్లీ వారంలో సగం రోజులు ఆఫీసుకి వెళ్లడం మొదలెట్టామని కోపం. పంతం."

"పెట్టె మార్చాం. ఇసుక మార్చాం." సౌజన్య గొంతు అలిసిపోయి ఉంది. "ఇంకేం చెయ్యాలి వంశీ?"

"బారాసాత్‌లో ఒకాయన ఉన్నాడని చెప్పానుగా. తోట ఉంది, ఇరవై పిల్లులున్నాయి. శనివారం వచ్చి తీసుకెళ్తానన్నాడు."

సౌజన్య చెప్పుల స్టాండు వైపు చూసి, "సరే," అంది. ఎంత చిన్నగా అందంటే, పక్కనే నిలబడ్డ దాలమ్మకి కూడా ఆ మాట సరిగా వినపడలేదు. కానీ అర్థమైంది.

బుధవారం దాలమ్మ ఇల్లు తుడుస్తూ కాజాని కనిపెట్టి చూసింది. దానికో కారణం ఉంది. మూడు వారాల కిందట, హాల్లో కంపు కొడుతోందని సౌజన్య అంటే, పెట్టె ఖాళీ చేసి ఫినాయిల్ పోసి రుద్దింది. వాసన ఘాటుగా, శుభ్రంగా వచ్చింది. ఆ వారమే పిల్లి బాత్ మ్యాట్ మీద పోసింది. తన వల్లే అయిందేమోనని అప్పట్నుంచి లోపల ఒక ముల్లు. ఎవరికీ చెప్పకుండా ఆ పెట్టెని నాలుగుసార్లు ఉత్త వేడినీళ్లతో కడిగి ఎండలో ఆరేసింది. ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. ప్లాస్టిక్ వాసన తప్ప ఏమీ లేదు. అయినా కాజా మానలేదు.

పదకొండింటికి వాళ్లిద్దరూ చెరో గదిలో చెరో మీటింగులో ఉన్నారు. ఇల్లంతా నీళ్లడుగున ఉన్నట్టు నిశ్శబ్దంగా ఉంది. తెరల్లోంచి వచ్చిన ఎండ నేల మీద మెల్లగా జరుగుతోంది. తడిగుడ్డ పట్టుకుని దాలమ్మ ఆ ఎండ అంచునే కూర్చుండిపోయింది. పొత్తికడుపులో సన్నటి మంట. దాన్ని అదిమిపెట్టుకుని, శ్వాస చిన్నగా తీసుకుంటూ, గోడ గడియారం ముల్లు చూస్తోంది. ఇంకా నాలుగు గంటలు.

అప్పుడు కాజా వచ్చింది. హాలు బాత్‌రూములోకి వెళ్లి పెట్టె అంచు మీద ముందుకాళ్లు పెట్టింది. లోపలికి దిగలేదు. చెవులు వెనక్కి పెట్టి, ఇసుక వైపు అలా చూస్తూ ఉండిపోయింది, అందులో ఎవరో ఉన్నట్టు. తరవాత కాళ్లు తీసేసి, గిన్నెలో నీళ్లని దాటుకుని, వాష్ బేసిన్ ఎక్కింది. కారుతున్న కొళాయి చుక్కని నాలికతో అందుకుంది. అక్కడే, చల్లటి బేసిన్‌లో, వెనకకాళ్లు వంచి కూర్చుంది. నడుము గూనిలా లేచింది. చాలాసేపు కూర్చుంది. ఏమీ రాలేదు.

దాలమ్మ చేతిలో గుడ్డ నేల మీదికి జారింది. ఆ కూర్చోవడం తనకి తెలుసు. వస్తున్నట్టే ఉండి రాకపోవడం, వచ్చిన నాలుగు చుక్కలూ నిప్పులా రావడం, ఇంటికి పోయాక మరుగుదొడ్డి తలుపు చూస్తేనే కడుపు బిగుసుకోవడం. పిల్లి తల తిప్పి ఆమెని చూసింది. ఇద్దరూ కాసేపు అలాగే ఒకరినొకరు చూసుకున్నారు. బయట ఎక్కడో పాత సామాను కొనేవాడి కేక సాగుతూ, సాగుతూ, మరో వీధిలోకి వెళ్లిపోయింది.

"పంతం కాదు నీది," అంది దాలమ్మ మెల్లగా.

ఆ రాత్రి ఆమెకి సరిగా నిద్ర పట్టలేదు. తెల్లవారుజామున బస్సులో పట్టింది. బస్సు నీళ్ల మీద నడుస్తోందనీ, కండక్టరు అందరినీ దిగొద్దంటున్నాడనీ కలొచ్చింది. కళ్లు తెరిచేసరికి బైపాసు పక్క చెరువుల మీద మంచు లేస్తోంది. ఒళ్లు కాలిపోతోంది.

గురువారం కాజా అన్నం ముట్టలేదు. తొమ్మిదిన్నరకి వంటింటి గట్టు కింద తెల్ల పలకల మీద కూర్చుంది. నడుము లేచింది. గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. మ్యావుమనడం కాదు. అది పిల్లలు నిద్రలో ఏడ్చినట్టుంది. లేచి పక్కకి పోయాక పలక మీద మూడు చుక్కలు కనిపించాయి. లేత గులాబి రంగు. దాలమ్మ వేలు పెట్టి వాసన చూసింది. ఇనుము.

కాజా నేల మీద పక్కకి వాలి, కడుపు నాక్కుంటోంది. దాలమ్మ చెయ్యి వేసింది. పొత్తికడుపులో నిమ్మకాయంత గట్టిగా ఏదో ఉంది. పిల్లి మామూలుగా అయితే రక్కేది. రక్కలేదు.

సౌజన్య గది తలుపు వేసి ఉంది. తలుపు వేసి ఉంటే కొట్టకూడదు. ఆ మాట మాత్రం సౌజన్య స్పష్టంగానే చెప్పింది, రెండుసార్లు. దాలమ్మ తలుపు ముందు నిలబడి చెంగుతో చేతులు తుడుచుకుంది. మళ్లీ తుడుచుకుంది. తరవాత కొట్టింది.

"ఏంటి దాలమ్మా? మీటింగులో ఉన్నాను." తలుపు బెత్తెడు తెరుచుకుంది.

"కాజాకి బాగునేదమ్మా. ఒంటికి రాటం నేదు. రగతం పడతంది."

"మళ్లీ ఎక్కడ పోసింది?"

"పొయ్యటం నేదమ్మా, అదే సెప్తన్నాను. ఆగిపోయింది. ఆస్పత్రికి అట్టుకెల్లాల, ఇప్పుడే."

"మధ్యాహ్నం చూద్దాం. వంశీ కూడా వచ్చాక..."

"మద్దినానికి ఉండదు." దాలమ్మ గొంతు పెంచలేదు. తలుపు మీద మాత్రం చెయ్యి వేసింది. "పంతం కాదమ్మా అది. నొప్పి. నొప్పికి ఎక్కడో ఒక కాడ కూకుంటంది, అక్కడన్నా నొప్పుండదేమోనని."

"నీకెలా తెలుసు?"

"నాకు తెలుసు."

సౌజన్య ఆమె మొహం వంక చూసింది. ఏడాదిన్నరగా రోజూ చూస్తున్న మొహమే. ఏం కనిపించిందో, వెనక్కి తిరిగి మైకులో రెండు ముక్కలు చెప్పి ల్యాప్‌టాప్ మూసేసింది.

కూరల బుట్టలో పాత తువ్వాలు పరిచి పిల్లిని పడుకోబెట్టారు. క్యాబులో బుట్ట దాలమ్మ ఒళ్లో ఉంది. దాని వేడి, తన వేడి కలిసి ఏది ఎవరిదో తెలియడం లేదు. కిటికీలోంచి ఎండ, చెట్లు, ఎండ, చెట్లు వెళ్తున్నాయి. సౌజన్య ఒక వేలు బుట్ట సందులోంచి పెట్టి కాజా చెవిని తాకుతోంది.

పశువుల డాక్టరు అభిజిత్ నెరిసిన జుట్టు మనిషి. స్వెట్టరు చేతులు మోచేతుల దాకా మడుచుకుని ఉన్నాడు. కాజా పొట్ట మీద రెండు వేళ్లతో ఒక్కసారి నొక్కి, కాంపౌండరుని కేకేశాడు. ఆ తరవాత ఇంగ్లీషులో సౌజన్యని అడిగాడు. ఎన్నాళ్ల నుంచి? నీళ్లు ఎలా తాగుతోంది? ఎన్నిసార్లు కూర్చుంటోంది? చివరిసారి మామూలుగా పోసింది ఎప్పుడు?

సౌజన్య తల తిప్పి దాలమ్మ వైపు చూసింది.

దాలమ్మ ఖిదిర్‌పూర్‌లోనే పుట్టింది. బెంగాలీ ఆమెకి తెలుగంత సొంతం. చెప్పడం మొదలుపెట్టింది. మూడు వారాలు. గిన్నెలో నీళ్లు ముట్టదు, కొళాయి చుక్క నాకుతుంది. నిన్న పదకొండింటికి బేసిన్‌లో కూర్చుంది, ఏమీ రాలేదు. మొన్న బ్యాగులో పోసినప్పుడే వాసన మారింది. డాక్టరు రాసుకోవడం ఆపి వింటున్నాడు. ఆ తరవాత ఇంగ్లీషు మరిచిపోయి ఆమెతోనే మాట్లాడాడు.

"ఏమంటున్నారు?" అంది సౌజన్య.

"మూత్రం దారిలో ఇసకలా గడ్డకట్టిందంటమ్మా. మొగ పిల్లులకి అవుతాదంట. గొట్టం ఏసి తీస్తారు. ఇంకో పూట ఉంటే..." దాలమ్మ ఆగింది. "అట్టుకొచ్చింది మంచి పనైందంటన్నారు."

డాక్టరు మళ్లీ ఏదో చెప్పాడు. దాలమ్మ తల వంచుకుని విని, తెలుగులోకి తిప్పింది.

"పెట్టిలో కూకున్నప్పుడల్లా నొప్పెట్టింది కదా, ఆ పెట్టే కొడతన్నాదని అనుకుంటాదంట. అందుకని మెత్తగుడ్డా, సల్లటి రాయీ ఎతుక్కుంటాది. కోపం పెట్టుకోటం వాటికి తెలీదంట. పెట్టి పక్కన నీళ్లు ఎట్టకూడదు. మిషీను పక్కన అసలే వొద్దంటన్నారు, ఆ సప్పుడికి బెదిరి ఆపుకుంటాదంట. ఆపుకుంటే ఇలాగే అవుతాదంట."

ఇంకొకటి మిగిలి ఉంది. దాలమ్మ అదీ డాక్టరుని బెంగాలీలో అడిగేసింది. ఆయన భుజాలు కదిపి జవాబు చెప్పాడు. సౌజన్య ఎదురుచూస్తోంది. చెప్పకపోతే ఆమెకి ఎప్పటికీ తెలియదు. ఒక్క క్షణం గది గోడలు దూరంగా జరిగినట్టు అనిపించింది.

"మొదట్లో పెట్టిలో ఫినాయిల్ పోసేనమ్మా. కంపన్నారని. అది నాను మీకు సెప్పనేదు. ఆ గాటుకి కూడా పిల్లులు పెట్టిలోకి దిగటం మానేస్తాయంట. రోగం దానివల్ల రానేదంటన్నారు, కానీ దూరం పోటానికి అదొక కారణం అవ్వొచ్చంట."

కాజాని లోపలికి తీసుకెళ్లారు. తలుపు వెనక నుంచి ఇనుప గిన్నెల చప్పుడు వచ్చింది.

బల్ల మీద కూర్చోబోయిన దాలమ్మ కూర్చోలేకపోయింది. గోడ పట్టుకుని, కాంపౌండరుని అడిగింది. బాత్‌రూమ్ ఉందా దాదా? అతను చీటీ రాస్తూనే, తలెత్తకుండా, "ఎడమ పక్క, మాషీ. లైటు బయట ఉంది," అన్నాడు. అంతే. అంత సులువుగా.

లోపల ఎంతసేపు ఉందో ఆమెకి తెలియదు. పళ్లు బిగించి, గోడ మీద పలకలు లెక్కపెట్టింది. నలభై రెండు వరకు గుర్తుంది. ఒకసారి గొంతులోంచి చప్పుడు కూడా వచ్చినట్టుంది. మొహం కడుక్కుని బయటికొచ్చేసరికి సౌజన్య తలుపుకి నాలుగడుగుల దూరంలో నిలబడి ఉంది. చేతిలో ఫోను ఉంది గానీ చూడటం లేదు.

తిరుగు దారిలో బుట్ట ఖాళీ. కాజాని రెండు రోజులు అక్కడే ఉంచాలన్నారు. పెద్ద సిగ్నలు దగ్గర క్యాబు ఆగినప్పుడు సౌజన్య కిటికీలోకి చూస్తూ అడిగింది.

"ఎన్నాళ్లయింది?"

"మూడు వారాలని సెప్పేను కదమ్మా."

"కాజాకి కాదు. నీకు."

దాలమ్మ బుట్ట పిడికి అంటిన వెంట్రుకలు ఒక్కోటీ తీస్తోంది. "పూజలయిన కాణ్ణించి."

"మరి చెప్పొచ్చు కదా దాలమ్మా."

"ఏటని సెప్పాలమ్మా?"

సిగ్నలు పచ్చబడింది. వెనక బండ్లు హారన్లు కొట్టాయి. దాలమ్మ జవాబు కోసం చూడలేదు. ఆమె కళ్లు మూసుకుంది. అపార్ట్‌మెంటు వచ్చాక సౌజన్య ఒక్కతే దిగి, క్యాబుని ఖిదిర్‌పూర్ దాకా పంపింది.

శుక్రవారం దాలమ్మ పనికి రాలేదు. డాక్ కాలనీ వెనకున్న ఆస్పత్రిలో లేడీ డాక్టరు మాత్రలు రాసిచ్చి, రోజుకి మూడు లీటర్లు నీళ్లు తాగమంది. తాగి తాగి రెండు రోజులు నిద్రపోయింది. నిద్రలో ఓడల కూతలు వినిపించాయి. అవి నిజంగా రేవులోంచే వస్తున్నాయో, లోపల్నుంచి వస్తున్నాయో తేల్చుకోలేకపోయింది. మంట పూర్తిగా పోలేదు గానీ మెత్తబడింది.

సోమవారం వెళ్లేసరికి కాజా ఇంట్లో ఉంది. మెడ చుట్టూ గరాటులాంటి ప్లాస్టిక్ పట్టీతో, సోఫా మీద ఎండలో పడుకుని ఉంది. బారాసాత్ మనిషిని రావద్దన్నట్టున్నారు. పెట్టె బాల్కనీలో ఒక మూలకి వెళ్లింది, వంటింట్లోకి నీళ్ల గిన్నె వచ్చింది. ఇసుకలో ఒక పెద్ద గడ్డ ఉంది. గరిటెతో ఎత్తి చూసి దాలమ్మ నవ్వుకుంది. అంత పెద్దది ఈ నెలలో చూడలేదు.

సౌజన్య కాఫీ కలుపుతోంది. వెనక్కి తిరక్కుండానే అంది, "హాలు బాత్‌రూమ్ ఖాళీ అయింది దాలమ్మా. నువ్వు వాడుకో." చెంచా కప్పులో తిప్పుతూనే ఉంది, చక్కెర ఎప్పుడో కరిగిపోయినా. "ముందే చెప్పాల్సింది."

"అలాగేనమ్మా," అంది దాలమ్మ.

వెంటనే వెళ్లలేదు. గిన్నెలు తోమింది. పప్పు పొయ్యి మీద పెట్టింది. ఒక గ్లాసు నీళ్లు ముంచుకుని, నిలబడి, మొత్తం తాగింది. మరో గ్లాసు తాగింది. బట్టలు ఆరేసింది. ఎనిమిదిన్నర దాటాక, సౌజన్య స్నానానికి పడగ్గదిలోకి వెళ్లాక, హాల్లో ఎవరూ లేనప్పుడు లోపలికెళ్లి తలుపు వేసుకుంది.

పైన చిన్న అద్దాల కిటికీ ఉంది. గరుకు అద్దం. ఎండ అందులోంచి పాలలా దిగుతోంది. ఈ గదిని ఇన్నాళ్లూ మోకాళ్ల ఎత్తు నుంచే చూసింది. ఇంత వెలుతురుంటుందని ఇప్పుడే తెలిసింది. ఎక్కడో పై అంతస్తులో నీళ్లు పడుతున్న చప్పుడు గోడల్లోంచి మెత్తగా వస్తోంది. ఒళ్లు మెల్లగా వదులవుతోంది, బిగించి కట్టిన మూట ముడి వీడినట్టు. కొంచెం మంట, కొంచెం హాయి.

తలుపు పిడి తిరిగింది. ఒకసారి ఆగి, మళ్లీ తిరిగింది.

"ఎవరు లోపల?" వంశీకృష్ణ గొంతు. నిద్రలోంచి లేచి వచ్చిన గొంతు. "సౌజన్య ఆ గదిలో ఉందిగా... ఎవరూ?"

దాలమ్మ కాళ్లు వాటంతటవే లేవబోయాయి. చీర కుచ్చిళ్లు చేతిలోకి వచ్చాయి. ఏదో దొంగతనం చేస్తూ దొరికినట్టు, ముందు నోటికి వచ్చిన మాట 'వచ్చేస్తున్నాను' అని.

అనలేదు. కుచ్చిళ్లు వదిలేసింది. మళ్లీ సర్దుకుని కూర్చుంది.

"నానే బాబూ, దాలమ్మని," అంది. "ఇంకా అవనేదు. కాసేపు ఆగండి."

బయట చెప్పులు రెండడుగులు వెనక్కి జరిగాయి. జరిగి, అక్కడే ఆగాయి.

దాలమ్మ తొందరపడలేదు.